ఉప్పుకుండ మూత

దుక్మ్ నుంచి గంటన్నర, హుక్ఫ్ ఎడారి.
తారురోడ్డు విడిచిన కాడ
టైర్లలో సగం గాలి తీస్త.
రయ్యా అల్ జునైబీ మేడం అప్పుడే దిగదు,
ఎండ ఏటవాలుగ పడితేనే
రాయి మాట్లాడుతదట.

మాట్లాడింది.
నున్నటి పెద్ద బండ. దాని మీద గీతలు,
అన్నీ ఒకే దిక్కుకు,
కొత్త గచ్చు మీద ఎవరో
బీరువా ఈడ్చుకుపోయినట్టు.
తాగే నీళ్ళ సీసా ఒంచి కడిగింది మేడం.
"బరఫ్," అన్నది.
నేను నవ్విన.
పొద్దున ఆరున్నరకే ముప్పై ఎనిమిది డిగ్రీలు.

నవ్వకు ఓదేలూ,
కొండంత మందం మంచు,
కడుపుల రాళ్ళు ఇరికించుకొని
ఈ బండ మీంచే పాకింది, ముప్పై కోట్ల ఏళ్ళ కింద.
ఈ నేల అప్పుడు ఇక్కడ లేదు.
దక్షిణాన ఎక్కడో చలిలో ఉంది,
నీ నేలకు భుజం ఆనించి.

నా నేల అంటే ఏది?
బతాకా మీద దేశం పేరుంటది,
బండి అద్దం మీద కంపెనీ పేరుంటది.
గోదావరిఖనిల మా క్వార్టరు
ఇప్పుడు ఓపెన్‌కాస్ట్ గుంత.
నేను పుట్టిన మంచం ఉన్న కాడ
డంపర్లు తిరుగుతయి.
నేల జరుగుతదంటే
నాకెవ్వరూ రుజువు చూపనక్కరలేదు.

మూడోనాడు, ఇంకో వాగుల,
సుత్తిదెబ్బకు పలక
పుస్తకం లెక్క విచ్చుకుంది.
లోపల ఆకు.
నాలుక అసొంటి ఆకు, నడిమిట్ల ఈనె,
ఈనెకు అటూ ఇటూ వల అల్లినట్టు నరాలు.
నా చేతుల చాయ ఒలికింది.

"ఇది మా ఇంట్ల ఉంది మేడం.
ఉప్పుకుండ మీద మూత."

చెక్‌పోస్టు పోలీసు చూసినట్టు చూసింది.
ఈ చెట్టు గింజ సముద్రం ఈదలేదు, అన్నది,
గాలికి అంత దూరం ఎగరలేదు.
రెండు చోట్ల ఉందంటే
ఆ రెండూ ఒక్కప్పుడు ఒకటే చోటు.
కాని ఎక్కడ తీసిన్రో తెలియని రాయి
సాక్ష్యానికి పనికిరాదు.

సిగ్నల్ కోసం గుట్ట ఎక్కిన.
చెల్లె సారక్క తిట్టింది:
పొయ్యి మీద పప్పు మాడుతుంటే
మూత ఫోటో ఎందుకురా నీకు?
తిట్టి, పంపింది.
పసుపు మరకల కింద
అదే నాలుక.

"వెనక్కి తిప్పమను," అన్నది రయ్యా.

సారక్క ఉప్పు పెళ్ళలు గోటితో గీకింది.
మొలతో చెక్కిన బాపు అక్షరాలు:
ఏడో ఇంక్లైన్. మూడో సీమ్. నలభై ఒకటో లెవెల్.
తేదీ.
తేదీ కింద ఒక బిల్ల నంబరు.

రయ్యా కండ్లు మెరిసినయి.
అన్నీ నోటుబుక్కుల ఎక్కించుకుంది.
ఇగ దీనికి చిరునామా ఉంది, అన్నది.
నంబరు మీ నాయనదా, అని అడిగింది.

బాపుది పదకొండు వందల ఆరు.
ఇది కాదు.

పైకప్పు కూలిన రోజు
పొద్దు గూకినంక ఎప్పుడో ఇంటికొచ్చి
సంచిలకెల్లి ఈ పలక తీసి
ఒక్క మాట మాట్లాడకుండ
ఉప్పుకుండ మీద పెట్టిండని
అవ్వ చెప్పేది.
ఎవరి బిల్లనో ఆమె అడగలేదు.
మేం పిల్లలం ఆకు దిక్కే చూసేటోళ్ళం.

రాత్రి క్యాంపుల, జనరేటర్ బంద్ అయినంక
రయ్యా చెప్పిన లెక్క యాదికొచ్చింది:
మా రెండు నేలలూ ఇంకా నడుస్తున్నయట,
పక్కపక్కనే, ఉత్తరం దిక్కు,
ఏడాదికి తేడా సగం బియ్యపుగింజ.
నేనొచ్చి పదహారేండ్లు.
ఎనిమిది గింజలు.
ఒక్క ముద్ద కూడ కాదు.

మళ్ళ ఫోన్ చేసిన.
మూత తిరగేసి పెట్టు చెల్లె,
నంబరు పైకి.

అట్లయితే ఆకు ఉప్పుల పడి కరుగుతది గదనే, అన్నది.

పడనియ్యి.
ఆకు ఇక్కడ ఇంకోటుంది.